మనిషి బొమ్మ: సాధన, విమర్శ

సాహిత్య విమర్శకు కేటాయించిన పేజీల్లో బొమ్మలు గీయడం గురించి వ్యాసమెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మనిషిని గీసే చేతికీ, మనిషిని రాసే చేతికీ ఎదురయ్యే మొదటి శత్రువు ఒకటే కనుక. దాని పేరు మూస. బొమ్మలో మూసను పట్టుకోవడం సులువు, ఎందుకంటే కొలిచి చూపించవచ్చు. కథలో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అక్కడ అది ఆవేశం చాటున దాక్కుంటుంది. కనుక సులువైన చోట నేర్చుకున్నది కష్టమైన చోట అక్కరకు వస్తుందన్న నమ్మకంతోనే ఈ వ్యాసం.

కరువు కథకు వేసే బొమ్మ ఎలా ఉంటుందో పాఠకులకు తెలుసు. బీటలు వారిన నేల, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్న రైతు, గుంటలు పడ్డ కళ్లు, లెక్క పెట్టగల పక్కటెముకలు. దశాబ్దాలుగా ఈ రైతుకు వయసు పెరగలేదు. ఊరు లేదు, పేరు లేదు, పని కూడా లేదు. అతను ఆకాశం చూస్తూనే ఉన్నాడు. మా మడకశిర ప్రాంతంలో అలా ఆకాశం చూస్తూ నిలబడే తీరిక ఎవరికుంది? ఇక్కడి మనిషి వేరుశనగ కాయలు ఒలుస్తుంటాడు, రాగి చేను కోస్తుంటాడు, పట్టు పురుగులకు మల్బరీ ఆకు తరుగుతుంటాడు, కంబళి భుజాన వేసుకుని గొర్రెల వెంట నడుస్తుంటాడు, బెంగళూరు బస్సు కోసం మూట మీద కూర్చుని ఉంటాడు. కరువు అతని ముఖంలో ఉంది, నిజమే. కానీ అది బొమ్మల్లో చూపే చోట లేదు. మరెక్కడుంది? ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే మనిషి బొమ్మ గీయడం నేర్చుకోవడం.

మడకశిర గురించి తెలియని వారికి రెండు మాటలు. పూర్వపు అనంతపురం జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న పీఠభూమి ఇది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. మూడు పక్కలా కర్ణాటక. కనుక ఇళ్లలో తెలుగూ కన్నడమూ కలిసే వినిపిస్తాయి. పూర్వపు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ నేల మీద మేము నలుగురైదుగురం కొన్నేళ్లుగా ఆదివారాలు కలుసుకుని మనుషుల బొమ్మలు గీస్తున్నాం. మాలో చిత్రకళ చదివినవారు లేరు. ఒకరు బడిపంతులు, ఒకరు దర్జీ, ఇద్దరు విద్యార్థులు, కథలు చదివి వ్యాసాలు రాసే నేను. ఈ సాధనలో తెలిసిన సంగతులే ఇక్కడ చెబుతాను.

చెయ్యి ఎందుకు అబద్ధమాడుతుంది?

ఎవరికైనా కాగితమిచ్చి మనిషి తల గీయమనండి. కోడిగుడ్డు లాంటి ఆకారం గీసి, పైన మూడో వంతులో కళ్లు పెడతారు. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం కొస వరకూ కొలిస్తే కళ్లు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి. తలలో సగం కళ్లకు పైనే ఉంది. ఈ చిన్న నిజం ఎందుకు కనబడదు? ముఖంలో మనకు పని ఉన్నవి కళ్లూ, ముక్కూ, నోరూ. వాటితోనే మనతో మాట్లాడతారు. నుదురూ, పుర్రే మనతో ఏమీ మాట్లాడవు. పని ఉన్నదాన్ని పెద్దది చేసి, పని లేనిదాన్ని చిన్నది చేయడం మన చూపుకు అలవాటు. అంటే చెయ్యి కంటి ముందున్నదాన్ని గీయడం లేదు, మనసులో ముందే ఉన్న గుర్తును గీస్తోంది. కన్ను అంటే బాదంకాయ, పెదవి అంటే విల్లు, చెవి అంటే ప్రశ్నార్థకం. ఇవి అక్షరాల లాంటివి. పేరు రాసినట్టు ముఖం రాస్తున్నామే గాని గీయడం లేదు.

తల గీయడంలో మొదటి పాఠాలన్నీ ఈ గుర్తులను పగలగొట్టేవే. ముఖం చదును కాదు. పుర్రె అనే బంతికి ముందు వైపు దవడ తగిలించినట్టు ఉంటుంది. మనిషి నిటారుగా ఎదురుగా చూస్తున్నప్పుడు చెవి కనుబొమకూ ముక్కు కొసకూ మధ్య ఎత్తులో ఉంటుంది. తల వంచితే అదే చెవి కనుబొమ కంటే పైకి పోయినట్టు కనిపిస్తుంది. ఒక కంటికీ మరో కంటికీ మధ్య దాదాపు ఇంకో కన్ను పట్టేంత జాగా ఉంటుంది. మెడ భుజాల మీద కర్ర పాతినట్టు నిలబడదు, వెనకనుంచి ముందుకు వాలి ఉంటుంది. నెత్తిన బరువు మోసే మనిషిలో ఆ వాలు మారుతుంది. ఈ కొలతలు శాసనాలు కావు. ఎదుటి మనిషి వీటికి ఎంత దూరంగా ఉన్నాడో చూడటానికే ఇవి పనికొస్తాయి. సగటు తెలిస్తేనే ప్రత్యేకత కనబడుతుంది.

రచనలో ఈ బాదంకాయ కళ్లకు సమానమైనవి విశేషణాలు. 'బక్కచిక్కిన', 'దీనమైన', 'నిస్సహాయమైన' అన్న మాటలు రాసేటప్పుడు రచయిత మనిషిని చూడటం లేదు, గుర్తు వేస్తున్నాడు.

మన పక్కనే ఉన్న రెండు బడులు

మూసను తిడుతున్నాం కదా అని సంప్రదాయాన్ని తిట్టినట్టు కాదు. ఈ తేడా తెలుసుకోవడానికి మాకు దూరం పోవలసిన పని లేదు.

హిందూపురం దాటితే లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దం తొలి సగంలో, వీరభద్రాలయం పైకప్పుల మీద వేసిన వర్ణచిత్రాలు ఈనాటికీ ఉన్నాయి. అక్కడి ముఖాలు చాలా వరకు పక్క నుంచి చూసినవి. ముక్కు కోసుగా, కన్ను పొడుగ్గా ఉంటుంది. ముఖం కంటే చీర అంచు మీద, కొప్పు ముడి మీద, నిలబడిన తీరు మీద చిత్రకారుడి శ్రద్ధ ఎక్కువ. మడకశిరకు మరో పక్క, అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పటి హెంజేరు, నొళంబుల రాజధాని. అక్కడి సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగంగా కాక కూర్చున్న మనిషి రూపంలో ఉంటాడు. వెయ్యేళ్లు దాటిన ఆ శిల్పుల పనిలో రాయి కూడా ఒంటి మెత్తదనం చూపుతుంది. ఇదొక బడి.

రెండోది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. పలచగా చేసిన మేకతోలు మీద ముందు గీత, తరువాత తెరవెనక దీపపు వెలుగు ప్రసరించే చిల్లులు, తరువాత రంగు. రాముడి తల ఎలా ఉండాలో, రావణుడి తల ఎలా ఉండాలో తరతరాల కట్టడి ఉంది. కానీ ఆ బొమ్మను జాగ్రత్తగా చూడండి. భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు – ముక్కలు ముక్కలుగా చేసి దారంతో కలిపారు. మనిషి ఎక్కడ వంగుతాడో తెలియనివాడు దాన్ని కత్తిరించలేడు. మా విద్యార్థి మిత్రుల్లో ఒకరికి చేతులు రబ్బరు గొట్టాల్లా వచ్చేవి. ఒక తోలుబొమ్మను చేతికిచ్చి ఆడించమన్నాం. ఆ తరువాత ఆ చేతులకు మోచేతులు వచ్చాయి.

ప్రాచీన చిత్రశాస్త్రానికీ కొలత ఉంది. ముఖం పొడవును తాళమనే ప్రమాణంగా తీసుకుని, దేవతలకిన్ని తాళాలు, ఇతరులకిన్ని అని నిర్ణయించారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం నిలబడే తీరులను తొమ్మిదిగా విభజించింది. ఉత్తమ పురుషుడికి తొమ్మిది తాళాలు. సంతలో మనిషి నిలబడినప్పుడు నడినెత్తి నుంచి గడ్డం వరకూ తలను ప్రమాణంగా తీసుకుని కొలిస్తే ఏడు, ఏడున్నర తలల ఎత్తు ఉంటాడు. నడుము వంగిన ముసలి తల్లి ఆరు కూడా ఉండకపోవచ్చు. దేవుడికి నిర్ణయించిన కొలతను మనిషి మీద రుద్దడం ఎంత తప్పో, పుస్తకం అట్ట మీది రైతు కొలతను మడకశిర రైతు మీద రుద్దడం అంతే తప్పు. అయితే లేపాక్షి చిత్రకారుడి కట్టడి వెనుక తరాల సాధన ఉంది. మన అట్టమీది బొమ్మ వెనుక వెనకటి అట్టమీది బొమ్మ మాత్రమే ఉంది. సంప్రదాయానికీ మూసకూ ఉన్న తేడా ఇదే.

సాధన అంటే ఏమిటి?

రోజుకు అరగంట. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే పొలం పనుల రోజుల్లో సాగదు. కానీ ఏడాదిలో 300 రోజులు సాగితే 150 గంటలు. ఈ అరగంటను మేము రెండుగా విభజించుకున్నాం. మొదటి పది నిమిషాలు కదిలే మనుషులు. ఒక్కొక్కరికి అర నిమిషం, నిమిషం. ముఖం లేదు, వేళ్లు లేవు. బరువు ఏ కాలి మీద ఉంది, వెన్ను ఎటు వంగింది, తల ఏ వైపు వాలింది – ఇంతే. ఈ పద్ధతిని అమెరికాలో కిమన్ నికొలాయిడెస్ అనే ఉపాధ్యాయుడు క్రమబద్ధం చేశాడు. అతని పాఠాలు మరణానంతరం 1941లో పుస్తకంగా వచ్చాయి. మిగిలిన ఇరవై నిమిషాలు ఒకే తల, ఒకే చెయ్యి, నిదానంగా. అంచు వెంబడి చీమ నడిచినట్టు కన్ను నడవాలి, దాని వెంట పెన్సిలు నడవాలి.

ఒకే మనిషిని నెల రోజులు గీయడం మంచిది. మొదటివారం బొమ్మల్లో అందరికీ కనిపించే ముసలితనం వస్తుంది. రెండోవారం విసుగు వస్తుంది. విసుగు దాటిన తరువాతనే ఆ మనిషి వస్తాడు.

కానీ ఇక్కడొక హెచ్చరిక. ఒకే పని పదే పదే చేయడం వల్ల నైపుణ్యం దానంతట అది రాదు. తప్పు గీతను వెయ్యిసార్లు గీస్తే తప్పు చేతికి బాగా అలవాటవుతుంది. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, అతని సహచరులు బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థులను పరిశీలించి రాసిన వ్యాసం ప్రసిద్ధమైనది. లోపాన్ని గుర్తించి, దాని మీదే దృష్టి పెట్టి, ఎప్పటికప్పుడు ఫలితం సరిచూసుకుంటూ చేసే సాధనకూ, ఊరికే వాయిస్తూ పోవడానికీ వారు తేడా చూపారు. అంటే సాధనకు రెండో కాలు విమర్శ. ఒంటికాలి మీద ఎంత దూరం నడవగలం?

విమర్శ ఎలా ఉండాలి?

మా ఆదివారపు కూటంలో రెండు మాటలు నిషేధం. ఒకటి 'బాగుంది', రెండోది 'బాగాలేదు'. రెండూ గీసినవాడికి ఏమీ చెప్పవు. 'కుడికన్ను ఎడమకన్ను కంటే వేలెడు పైకి పోయింది', 'తల తిరిగింది కానీ మెడ తిరగలేదు', 'కూర్చున్న మనిషి బరువు నేల మీద పడలేదు' – ఇవి విమర్శలు. వీటిని సరిచూడవచ్చు, కాదని వాదించవచ్చు, దిద్దవచ్చు. సరిచూడటానికి సాధనాలూ ఉన్నాయి. మేస్త్రీ గోడకు వేలాడదీసే గుండుదారం లాంటిది కంటి ముందు పట్టుకుంటే చెవి కింద మడమ ఉందో లేదో తెలుస్తుంది. బొమ్మను అద్దంలో చూస్తే వంకర బయట పడుతుంది. తలకిందులుగా పెడితే అది మనిషిగా కాక ఆకారాలుగా కనిపించి కొలతలు తేలిపోతాయి. విమర్శ విన్న తరువాత పాత బొమ్మను రబ్బరుతో దిద్దకూడదు. కొత్త కాగితం మీద మళ్లీ గీయాలి. పాతదాన్ని తేదీ వేసి దాచుకోవాలి.

మా విమర్శకుల్లో అందరికంటే పదునైన విమర్శకురాలు మాలో ఒకరు కాదు. చింతపండు కొట్టే చోట పని చేసే ఒక పెద్దామె. నున్నటి రాయి ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, ఎడమచేత్తో కాయ పట్టుకుని కుడిచేత్తో కొట్టి, పెంకూ పీచూ గింజా వేరు చేయడం ఆమె పని. దర్జీ మిత్రుడు ఆమెను గీశాడు. ముఖం పోలిక బాగా వచ్చిందని మేమంతా అనుకున్నాం. ఆమె బొమ్మను చేతిలోకి తీసుకుని ముఖం వైపు చూడనే లేదు. చేతిని చూపించి, "ఇది కొట్టే చెయ్యి కాదప్పా, అడుక్కునే చెయ్యి" అంది.

చూస్తే నిజమే. ఎడమచెయ్యి అరచేయి పైకి తెరుచుకుని, వేళ్లు వదులుగా ఉన్నాయి. కాయను పట్టుకున్న చెయ్యి అలా ఉండదు. బొటనవేలు లోపలికి నొక్కుకుంటుంది, మణికట్టు బిగుసుకుంటుంది, రెండో చెయ్యి దెబ్బ తన వేళ్ల మీద పడకుండా చూపుడువేలు వెనక్కి తగ్గి ఉంటుంది. మిత్రుడు ఆ చేతిని ఎక్కడినుంచి తెచ్చాడు? ఎదురుగా ఉన్న ఆమె నుంచి కాదు, 'పేద ముసలమ్మ' అనే గుర్తు నుంచి. అతనికి ఆమె మీద జాలి ఉంది. ఆ జాలే ఆమె చేతిలోని పనిని తీసేసి, బిచ్చం పెట్టింది.

బొమ్మలో ఇది వేలి ఒంపు తప్పు. కానీ ఒక శ్రామికురాలిని యాచకురాలిగా మార్చడం వేలి ఒంపు తప్పు మాత్రమేనా? శరీర నిర్మాణం తెలియకపోవడం ఇక్కడ రాజకీయమైన తప్పుకు దారితీసింది. శిల్పం వేరు, వస్తువు వేరు అని వాదించే మిత్రులు ఈ చేతిని గుర్తు పెట్టుకోవాలి.

ఆ తరువాత మూడువారాలు మేమంతా చేతులే గీశాం. కొట్టే చెయ్యి, ఒలిచే చెయ్యి, బీడీ ముట్టించే చెయ్యి, సూదిలో దారం ఎక్కించే చెయ్యి.

నిబద్ధత సాధనకు మినహాయింపు కాదు

మంచి చిత్రకారుడికి మంచి విమర్శకుడు దొరకడం మన చరిత్రలోనూ ఉంది. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు (1897–1925) చేతిని చిన్ననాడే గుర్తించి, అతను బొంబాయి జె.జె. కళాశాలలో చేరడానికి తోడ్పడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే మసూచితో పోయిన ఆ చిత్రకారుడి పని రాజమండ్రిలోని అతని పేరిటి చిత్రశాలలో చూడవచ్చు. పూర్తి చేసిన వర్ణచిత్రాలను మెచ్చుకుని వచ్చేయకుండా, అలాంటి చిత్రకారుల రేఖాచిత్రాల ముందు ఎక్కువసేపు నిలబడాలని విద్యార్థులకు నా సూచన.

ప్రజల పక్షాన నిలిచిన చిత్రకారుల్లో గొప్పవారెవరూ తమ నిబద్ధతను సాధనకు బదులుగా చూపలేదు. జర్మన్ కళాకారిణి కేథె కోల్విట్జ్ (1867–1945) భర్త బెర్లిన్ కార్మికవాడలో వైద్యుడు. అక్కడికి వచ్చే కార్మిక స్త్రీలను ఆమె దగ్గరగా చూసింది. జీవితమంతా తన ముఖాన్నే సుమారు నూరుసార్లు గీసుకుంది, చెక్కుకుంది. 1914లో యుద్ధంలో చనిపోయిన కొడుకు కోసం తలపెట్టిన తల్లిదండ్రుల శిల్పాలు 1932లో గాని స్మశానానికి చేరలేదు. పద్దెనిమిదేళ్లు! దుఃఖం ఆమెకు మొదటిరోజే ఉంది. ఆ దుఃఖానికి సరిపడే వెన్ను వంపు కోసమే అన్నేళ్లు పట్టింది.

బెంగాలు కరువులో చిత్తప్రసాద్ (1915–1978) చేసిన పని మన కరువు సీమవారికి మరింత దగ్గరిది. 1943లో మిడ్నపూర్ జిల్లాలో తిరిగి గీసిన బొమ్మలతో 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకం తెచ్చాడు. వలస ప్రభుత్వం దాని 5000 ప్రతులను దాదాపు పూర్తిగా ధ్వంసం చేసింది. ప్రభుత్వం భయపడింది కరువు అనే భావానికి కాదు. ఫలానా ఊళ్లో ఫలానా మనిషి అని చెప్పే బొమ్మకు. అట్టమీది పేరులేని రైతును చూసి ఏ ప్రభుత్వమూ భయపడదు. అదే కరువులో జైనుల్ అబెదిన్ కలకత్తా వీధుల్లో చవక కాగితం మీద నల్లసిరాతో గీశాడు. 1946లో సోమనాథ్ హోర్ తెభాగా ఉద్యమ ప్రాంతంలో తిరుగుతూ దినచర్య రాశాడు, రైతుల బొమ్మలు గీశాడు.

1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖ గురించి మన విమర్శలో చాలా చర్చ జరిగింది. ప్రాతినిధ్య పరిస్థితుల్లో ప్రాతినిధ్య పాత్రల గురించి అందులో చెప్పినదాన్ని అందరూ గుర్తు పెట్టుకున్నారు. వివరాల్లో సత్యం ఉండాలన్నది కూడా ఆయన ఆ వాక్యంలోనే చెప్పాడని చాలామంది మరిచారు. ప్రాతినిధ్యమంటే సగటు కాదు. ఒక నిర్దిష్టమైన మనిషిని లోతుగా చూస్తే అతనిలో అతని వర్గం కనిపిస్తుంది. వర్గాన్ని ముందే గీసి దానికి ముఖం అతికిస్తే మూస వస్తుంది. అనంతపురం జిల్లా కరువును కావ్యం చేసిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' నిలబడటానికి ఒక కారణం, అందులోని పేదరికానికి పేరున్న మనుషులు ఉండటమే.

ఫోటోలున్న కాలంలో ఇదంతా ఎందుకన్నది చివరి ప్రశ్న. ఇప్పుడైతే ఫోను చాలు. నాలుగు మాటలు చెబితే యంత్రమే బొమ్మ వేసి ఇస్తోంది. కానీ ఆ యంత్రం నేర్చుకున్నది పాత బొమ్మల నుంచి. కరువు రైతు కావాలని అడిగితే మళ్లీ అదే బీటలు వారిన నేల, అదే నుదుటి మీది చెయ్యి వచ్చే ప్రమాదం ఎక్కువ. మూసను తయారు చేయడంలో దానితో మనం పోటీ పడలేము, పడనక్కర్లేదు. దానికి లేనిది ఒకటే: 'ఇది కొట్టే చెయ్యి కాదు' అని ఎదురుగా కూర్చుని దిద్దే మనిషి.

కనుక రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ నా సూచనలు మూడు. చిత్రకారులు కావలసిన పని లేదు, కానీ ఆరు నెలలు రోజూ ఒక మనిషి తల గీయండి. మీ కళ్లు ఎక్కడ తప్పించుకుంటున్నాయో మీకే తెలుస్తుంది. కథల చర్చల్లో 'వస్తువు బాగుంది, శిల్పం లోపించింది' అన్న వాక్యాన్ని కొంతకాలం పక్కన పెట్టి, ఏ పేజీలో ఏ మనిషి ఏ పని చేస్తూ అబద్ధంగా కనిపించాడో చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరి గురించి రాశామో వారికి రాసింది చదివి వినిపించండి. వారు ముఖం వైపు చూడకుండా చెయ్యి వైపు చూస్తే నొచ్చుకోవద్దు. కొత్త కాగితం తీసుకోండి.